బొటనవేలికి తెలిసే గుర్తు

బొటనవేలి కింద బియ్యపు గింజంత మొన తగిలింది. చల్లగా, కొంచెం గరుకుగా ఉంది. పోయిన నెల మహబూబాబాద్‌లో ఒక పాఠశాల వాళ్ళు పిల్లలకు ఎయిర్ పిస్టల్ నేర్పడానికి కొత్తగా గది కట్టించి, పాతకాలం మనిషినని నన్నూ పిలిచారు. అక్కడి యువ శిక్షకుడు కొత్త పిస్తోలులో ఉత్తుత్తి గుండు పెట్టి నా ముందు ఉంచాడు. "లోపల గుండుంటే గీ మొన లేస్తది సార్, లేకుంటే పండుకుంటది. చూసే పనే లేదు, ఏలుకు తెలుస్తది. ఫారినోళ్ల బుర్ర మామూలుది కాదు" అన్నాడు. నా పక్కన మా జనగామ క్లబ్బు పాత అధ్యక్షుడు రాజిరెడ్డి ఉన్నాడు. "మాకప్పుడు గివన్నీ ఎక్కడియి? సమ్మక్క టీచరమ్మ దారం ఉండె. గా దారం పిచ్చితోనే పాపం ఆమె చెయ్యి ఖరాబయింది" అని నవ్వాడు. చుట్టూ ఉన్నవాళ్ళూ నవ్వారు. నేను ఆ మొన మీద నుంచి వేలు తీయలేదు. సమ్మక్క టీచర్‌ను ఎన్నడూ చూడనివాళ్ళకు ఆమె గురించి మిగిలిన కథ ఇదొక్కటే. అది తప్పు కథ. దాన్ని సరిచేయవలసినవాణ్ణి నేను.

ఆమెది గూడూరు వైపు. ప్రభుత్వ పాఠశాలలో ఆటల టీచరు. పుర్రచేతివాటం. కాలేజీ రోజుల్లో ఎక్కడో శిబిరంలో పిస్తోలు పట్టి, ఇక వదల్లేదు. జనగామలో మేము కొందరం కలిసి మూతబడిన పత్తి జిన్నింగు మిల్లు రేకుల షెడ్డులో గురి నేర్చుకోవడానికి చిన్న రేంజ్ పెట్టుకున్నాం. నాకు మోటారు పంపుల దుకాణం ఉంది, డిప్లొమా చదివాను, నాలుగు ఇంగ్లీషు ముక్కలు వచ్చు కాబట్టి నన్ను కార్యదర్శిని చేశారు. గురి నేర్పడానికి ఎవరైనా కావాలని వెతికితే ఆమె దొరికింది. ఆదివారం పొద్దున్నే మహబూబాబాద్‌లో రైలెక్కి వచ్చేది. భుజాన సంచీలో జొన్నరొట్టెలు, తువ్వాలు, ఒక దారపు ఉండ. ఆ షెడ్డు దూలాల మీద పాత దూది ఇంకా పట్టుకుని ఉండేది. గుండు వెళ్ళి వెనక రేకుకు తగిలినప్పుడల్లా కొంచెం దూది రాలేది. సాయంత్రానికి ఆమె జుట్టంతా తెల్లగా అయ్యేది. "గంట గంటకు ముసలిదాన్ని అయితున్న" అనేది దులుపుకుంటూ.

మొదటి రోజే రాజిరెడ్డి పిస్తోలు ఆమె చేతికి అందించబోయాడు. ఆమె తీసుకోలేదు.

"బల్ల మీద పెట్టు పటేలా."

"ఏందమ్మా, నా చేతికేమన్న మైల అంటిందా?"

"నీ చెయ్యి బంగారం. నీ చేతిల ఉన్నదాని మీదనే నాకు నమ్మకం లేదు."

రాజిరెడ్డి పెద్ద భూస్వామి కుటుంబంవాడు, రాజకీయాల్లో తిరిగేవాడు. ఊళ్ళో అతనితో అలా మాట్లాడేవాళ్ళు తక్కువ. అతను నవ్వేసి బల్ల మీద పెట్టాడు. ఆమె దాన్ని తెరిచి చూసి, సంచీలోంచి మందపాటి పసుపు దారం తీసి, వెనక నుంచి గొట్టంలోకి దూర్చి ముందు నుంచి బయటికి లాగింది. దారం కొస గొట్టం నోటిలోంచి వేలాడింది. "దారం లోపటికెల్లి బయటికొచ్చిందంటే నడుమ గుండు లేనట్టే. దారం లేని పిస్తోలును పాము అనుకోండ్రి. ఒకరి చేతికెల్లి ఇంకొకరి చేతికి ఇచ్చుడు లేదు. బల్ల మీద పెట్టుడు, చెయ్యి ఎనుకకు తీసుకునుడు" అంది. అదే మా క్లబ్బు ఆచారమైంది. కిరాణా కొట్లో దొరికే దారం కాబట్టి పసుపు రంగు. అంతకు మించి అందులో విశేషమేమీ లేదు.

ఆమెకు పిస్తోళ్ళంటే ఇష్టమే గాని, వాటిని చేసేవాళ్ళంటే కోపం. గురి చూడడానికి నిలబడినప్పుడల్లా ఏదో ఒకటి అనేది. పిడి కుడిచేతి వాళ్ళ కోసమే చెక్కినట్టుండేది. ఎడమచేత్తో పట్టుకుంటే బొటనవేలు పెట్టుకోవడానికి చోటుండదు. ఆమె సైకిల్ హ్యాండిల్‌కు చుట్టే గుడ్డపట్టీ చుట్టుకుని పని నడిపించేది. ఎండాకాలం ఆ రేకుల కింద చెమటకు నున్నటి పిడి జారిపోయేది. గాలి ఎక్కించే మీట బిగుసుగా ఉండేది. నేర్చుకోవడానికి వచ్చే ఆడపిల్లలు దాన్ని కడుపుకు ఆనించి, రెండు చేతులతో వంచి, పళ్ళు బిగించి లాగేవాళ్ళు. "పిస్తోలు చేసెటోళ్లంత ఆరడుగుల మొగోళ్లే ఉన్నట్టున్నరు తమ్మీ. ఇంట్ల ఆడపిల్లలు లేరా ఏంది ఆళ్లకు?" అని నాతో అనేది. నేను నవ్వి ఊరుకునేవాణ్ణి. నాకు కుడిచేతివాటం, నా చేతులు పెద్దవి. ఆమె చెప్పేదాకా ఆ పిస్తోలులో లోపమనేదే నాకు కనిపించలేదు.

ఒకసారి పిస్తోళ్ళు తయారుచేసే ఒక కంపెనీ మనిషి మా షెడ్డుకు వచ్చాడు. తమిళుడు. తెలుగు రాదు, ఇంగ్లీషులో మాట్లాడేవాడు. కొత్త నమూనా చేస్తున్నామని, అందులో ఏమేం ఉంటే బాగుంటుందో వాడేవాళ్ళనే అడిగి తెలుసుకుంటున్నామని చెప్పాడు. మావాళ్ళకు హుషారు వచ్చింది. ట్రిగ్గర్ వెన్నలా ఉండాలని ఒకరన్నారు. ముందు భాగం బరువుగా ఉంటే చెయ్యి కదలదని ఇంకొకరు. గురి చుక్క చీకట్లో మెరవాలని మరొకరు. రాజిరెడ్డి, "చూస్తే అసలు పిస్తోలు లెక్కనే ఉండాలె. నడుముకు పెట్టుకుంటే ఎదుటోడు జర ఝడుసుకోవాలె" అన్నాడు. అన్నీ నేను ఇంగ్లీషులోకి మార్చి చెబుతూ పోయాను. ఆఖరున టీచరమ్మ వంతు వచ్చింది.

"రెండు చేతులకు సరిపొయ్యే పిడి కావాలె. పిల్లలు ఒంచగలిగే మీట కావాలె. ఇంకోటి, అన్నిటికన్న ముఖ్యం. లోపల గుండు ఉందా లేదా అన్నది పిస్తోలే చెప్పాలె. మీద, నడుమల, చిన్న ముల్లు లెక్క లేవాలె. కండ్లు మూసుకున్నా బొటనేలుకు తెలువాలె."

"మరి నీ దారమేమాయె టీచరమ్మా?" అని రాజిరెడ్డి అడిగాడు.

"దారానికేం ఎరుక పటేలా? ఎవలు యాడ కడితే ఆడ ఉంటది. దారాన్ని నమ్మొద్దనే కద నేను అడుగుతున్న."

"అరే, ముల్లు కావాల్నట! ఆమెకు పిస్తోలు కాదు, తుమ్మకొమ్మ తెచ్చియ్యండ్రి" అన్నాడు అతను. షెడ్డంతా నవ్వింది. నేనూ నవ్వాను. కంపెనీ మనిషి నా వైపు చూశాడు. పిడి సంగతి, మీట సంగతి చెప్పాను. మూడోది చెబితే వివరించాలి, మళ్ళీ నవ్వులు మొదలవుతాయి, అతనికి బస్సు వేళవుతోంది. "అంతే" అన్నాను. టీచరమ్మ నా వైపు ఒకసారి చూసి, తువ్వాలు తీసి చేతులు తుడుచుకుంది.

ఆ ఏడాది దసరాకు రాజిరెడ్డి ఒక మాట అన్నాడు: "ఊరంత ట్రాక్టర్లకు పూజ చేస్తుండ్రు, మన పిస్తోళ్లకు చెయ్యకుంటె ఎట్ల?" పండుగ పొద్దున షెడ్డు కడిగించి ముగ్గు పెట్టించాం. ఒకరిద్దరు అలవాటు కొద్దీ వచ్చి గురి చూసుకుంటున్నారు. పంతులు వచ్చాడని కేక వేయగానే, చేతిలో ఉన్నవి ఉన్నట్టే బల్ల మీద పెట్టి కాళ్ళు కడుక్కోవడానికి పోయారు. పిస్తోళ్ళను వరుసగా పేర్చి బొట్లు పెట్టింది నేను. పూజకు పసుపు దారం కట్టాలి కదా. టీచరమ్మ ఉంచిపోయిన ఉండ కళ్ళ ముందే ఉంది. దానిలోంచే తెంపి, ప్రతి గొట్టం కొసకూ ఒక ముడి వేశాను. అంతకుముందే ఆమె దారం వేలాడుతున్నవీ, అసలు దారమే లేనిదీ అన్నీ ఇప్పుడు ఒక్క తీరుగా కనిపించాయి. లోపల గుండుతో ఉన్న ఒక్క పిస్తోలు కూడా అందులో కలిసిపోయింది. అది నాకు తట్టలేదు. పక్కనే ఉన్న ఎవరికీ తట్టలేదు.

పూజ అయ్యాక ఫోటో అన్నారు. రాజిరెడ్డి ఒకటి ఎత్తి ఫోటో తీసేవాడి వైపు గురి పెట్టి నిలబడ్డాడు. "దారముంది, భయపడకురా" అన్నాడు. రైలు ఆలస్యమై టీచరమ్మ అప్పుడే గుమ్మంలోకి వచ్చింది. దారం గొట్టం లోపలి నుంచి రావడం లేదనీ, పైన ముడి మాత్రమే ఉందనీ ఆ దూరం నుంచే ఆమెకు కనిపించింది. "ఆగు పటేలా!" అంటూ వచ్చి ఎడమచేత్తో గొట్టాన్ని పక్కకు తోసింది. చిన్న చప్పుడు. ఈసారి పై నుంచి దూది రాలలేదు. గుండు ఆమె బొటనవేలి మొదట్లో దిగింది.

దవాఖానలో గుండు తీశారు. గాయం మానింది గాని, ఆ వేలు మళ్ళీ పూర్తిగా వంగలేదు. ఆమె పోటీలకు వెళ్ళడం ఆగిపోయింది. కొంతకాలానికి భర్త ఉద్యోగం వల్ల చెల్పూర్ వెళ్ళిపోయింది. జనగామలో మాత్రం కథ ఒక రూపం తీసుకుంది: దారం ఉంటే గుండు లేనట్టేనని ఆమె నేర్పింది, దాన్ని నమ్మి రాజిరెడ్డి ఎత్తాడు, ఆమె పద్ధతే ఆమె చెయ్యి తీసింది. ముడులు వేసింది నేనని అక్కడున్నవాళ్ళందరూ చూశారు. ఎవరూ నన్ను ఏమీ అనలేదు. పూజ కదా. దారాన్ని నమ్మొద్దని ఆమే ముందుగా చెప్పిన మాట మాత్రం ఎవరికీ గుర్తులేదు. నాకు గుర్తుంది.

చెల్పూర్‌లో ఒక రైతు బావికి మోటారు బిగించే పని మీద వెళ్ళినప్పుడు ఆమె ఇంటికి పోయాను. విద్యుత్ కేంద్రం పొగగొట్టాలు కనిపించే వరండాలో కూర్చోబెట్టి, కుడిచేత్తో చాయ్ పోసింది. ఎడమచెయ్యి ఒళ్ళో పెట్టుకుంది. నేను చేతి గురించి ఏదో మొదలుపెట్టాను. ఆమె అడ్డం వచ్చింది.

"చెయ్యి సంగతి ఇడిసిపెట్టు తమ్మీ. పండుగనాడు అయింది, అయిపోయింది. ఆ కంపెనాయనకు నా మాట నువ్వు చెప్పలే కద?"

"నీకు తెలుసా అక్కా?"

"నేను డిగ్రీ చదివిన. అంత ఇంగ్లీషు రాదా నాకు?"

"మరి నువ్వే చెప్పకపోయినవు?"

"అంతమంది నవ్వుతుంటే రెండోపాలి అడుగబుద్ధి కాలే." చాయ్ గ్లాసు నా వైపు జరిపి, "దారాన్ని నమ్మి చెయ్యి పోగొట్టుకున్నదట టీచరమ్మ అని మా బడి పిల్లలు గూడ అంటున్నరు. పేరు ఖరాబయితే గుండు తీసినట్టు ఎవలు తీస్తరు? నేను ఏం అడిగిన్నో నువ్వొక్కనివే యాదిల పెట్టుకున్నవు. జర చెప్పు ఆళ్లకు" అంది.

చెబుతానన్నాను. రాజిరెడ్డి ముందు చెప్పడానికి నోరు రాలేదు. సందర్భం రానీ అనుకున్నాను. కిందటి వానాకాలం ఆమె గుండెపోటుతో పోయిందని కబురు వచ్చింది. సందర్భం ఆ తర్వాత వచ్చింది, బియ్యపు గింజంత మొనగా నా వేలికి తగిలింది.

ఆ కొత్త పిస్తోలు చేసినవాళ్ళు ఆమె మాట విని చేశారని నేననను. ఆమె మాట ఆ షెడ్డు దాటలేదు, నేను దాటనివ్వలేదు. ఎక్కడో ఇంకెవరో అడిగారు, ఎవరో విన్నారు. నేను చెప్పదలచింది ఇంతే: గూడూరు సమ్మక్క టీచర్ దారాన్ని నమ్మలేదు. అంతకన్నా మంచిది కావాలని అందరి ముందూ అడిగింది.

మహబూబాబాద్ నుంచి తిరిగి వస్తూ తొర్రూరులో చాయ్ కోసం కారు ఆపాం. అక్కడ రాజిరెడ్డికి మొత్తం చెప్పాను. తుమ్మకొమ్మ మాట కూడా గుర్తు చేశాను. అతను రోడ్డు వైపు చూస్తూ అడిగాడు.

"నేనే నవ్విన్నా?"

"నువ్వే. నీ ఎనుక మేమందరం."

కొట్టువాడు పిలిస్తే రాజిరెడ్డి లేచి వెళ్ళి రెండు గ్లాసులు పట్టుకొచ్చాడు. నేను చెయ్యి చాచాను. అతను గ్లాసు నా చేతికి ఇవ్వలేదు. బల్ల మీద పెట్టి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఇంట్లో నేను కత్తిపీట ఇచ్చినా, స్క్రూడ్రైవర్ ఇచ్చినా అంతే. "గిదేం రోగం, చేతికియ్యరాదా?" అని మా ఆవిడ ఎన్నాళ్ళుగానో విసుక్కుంటుంది. ఆమెకు కూడా ఇప్పుడు సమాధానం చెప్పాలి.