ముగ్గు పడ్డాకే పాట

గజపతినగరంలో కామేశ్వరి వేసిన ముగ్గు తొక్కడానికి ఆవులు కూడా మొహమాటపడతాయని అనేవారు. తెల్లవారేసరికి గుడి ముందు ఆమె ముగ్గు వేయాలి, ఆ తర్వాతే భర్త జగన్నాధం సన్నాయి అందుకోవాలి. ముగ్గు పడ్డాకే పాట. అది వాళ్లింటి కట్టుబాటు. ఆడపిల్లలకు పాట నేర్పడమూ అంతే, ముందు ముగ్గు రావాలి.

కూతురు రాగసుధ దగ్గరే అది బెడిసికొట్టింది. తొమ్మిదేళ్ల పిల్ల. బస్సులో పక్కన కూర్చున్నవాళ్లందరూ దానికి చుట్టాలే. తండ్రి సన్నాయి మీద ఒక్కసారి విన్న కీర్తన మర్నాటికి దాని గొంతులో ఉండేది. నాలుగు చుక్కలు కలపమంటే మాత్రం గీత ఎటో పోయేది.

"పాటకొచ్చే బుద్ధి ముగ్గుకి రాదేటే? నాలుగు సుక్కలు కలిపిందాకా పాడేవంటే సూడు!" అని కామేశ్వరి కట్టడి చేసింది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం ఆమె. ఏడాది గడిచింది. ముగ్గు రాలేదు, ఇంట్లో పాటా వినబడలేదు.

మొన్న పిల్లకు ఆయాసం వస్తోందని విశాఖ తీసుకెళ్లారు. గుండె నుంచి వచ్చే రక్తనాళం ఇరుకుగా ఉందన్నారు. రక్తపరీక్ష ఫలితం వచ్చాక డాక్టరు అనూరాధ కూర్చోబెట్టి చెప్పింది. పుట్టుకతోనే ఒక క్రోమోజోములో చిన్న ముక్క లేదు. ఎల్‌ఐఎమ్‌కే వన్ అనే జన్యువు రెండు ఉండాల్సింది, ఆ ముక్కతో ఒకటి పోయింది. కణాన్ని లోపలి నుంచి నిలబెట్టే సన్నని పోగులుంటాయి. వాటిని అదుపుచేసే ఎంజైము తయారయ్యేది ఆ జన్యువు వల్లే. గీతలూ ఆకారాలూ ఈ పిల్లలకు కుదరకపోవడానికి అదీ ఒక కారణం కావచ్చట.

"ఇలాంటి పిల్లలు చాలామందికి పాటంటే ప్రాణం. మీ అమ్మాయి పాడుతుందా?" అని డాక్టరు నవ్వుతూ అడిగింది.

లేనిదాన్ని తెమ్మని ఏడాదిపాటు కన్నబిడ్డను కాల్చుకుతిన్నానని కామేశ్వరికి అప్పుడు అర్థమైంది.

మర్నాడు పొద్దున్నే గుడి ముందు తన ముగ్గు ముగించి కూతుర్ని దగ్గరకు తీసుకుంది. "పాడమ్మా. ముగ్గు అక్కర్నేదు. తప్పు నాదేనే తల్లీ" అని ఏడ్చింది.

రాగసుధ తల్లి కళ్లు తుడిచింది. "ఏడకమ్మా. ముగ్గు ఇంకా రానేదు గదా, వచ్చాక పాడతాను" అంటూ పిండిగిన్నె ముందుకు లాక్కుంది.

గుడి లోపల తండ్రి సన్నాయి మొదలైంది. పిల్ల పెదాలు కదలబోయాయి. ఎడంచేత్తో నోరు గట్టిగా మూసుకుని, కుడిచేత్తో మళ్లీ నాలుగు చుక్కలు పెట్టింది.