ధర్నాకు ఒక గుంత

ఆ రోజుల్లో ధర్నాకు లొంగని ప్రభుత్వం ఉండదని నాకు గట్టి నమ్మకం. డిగ్రీ రెండో సంవత్సరం, సన్నటి మీసం, భుజానికి గుడ్డ సంచి. పడుకున్న చాప మడతపెట్టమంటే వినపడేది కాదు గానీ, దేశాన్ని సరిదిద్దే పనుంటే తెల్లారకముందే లేచేవాడిని. మాది సూర్యాపేట. చదువు కోసం మిర్యాలగూడలో మా పెద్దనాయన ఇంట్లో ఉండేవాడిని. ఆయనకు ధాన్యం కొట్టు ఉండేది. నోటీసు రాకముందే వెళ్లి ఇంటి పన్ను కట్టివచ్చే మనిషి. (ఇలాంటివాళ్ల వల్లే దేశంలో మార్పు ఆలస్యమవుతోందని స్నేహితులకు చెప్పేవాడిని, ఆయన పెట్టిన అన్నం తిని చేయి కడుక్కుని మరీ.)

ఆ వానాకాలం మా వీధి మలుపులో ఒక గుంత పడింది. నీళ్లు నిండితే లోతు తెలిసేది కాదు. మాడుగులపల్లి నుంచి మోపెడ్ మీద మాకు పాలు తెచ్చే పాలాయన అందులో రెండుసార్లు పడ్డాడు. నాకు జాలి వేసింది, ఆ జాలి వెంటే ఒక ఆలోచన కూడా వచ్చింది. కాలేజీలో విద్యార్థి నాయకుడినైపోవాలని నాకు మహా కోరికగా ఉండేది. గుంత చుట్టూ కూర్చుని ధర్నా చేస్తే, పేపర్లో ఫొటో పడితే, ఇక నన్ను ఆపేదెవరు? కోదాడ నుంచి వచ్చి చదువుకునే నా స్నేహితుడు నినాదాలు రాశాడు. గొంతు పెద్దది కాబట్టి వాడిని అందరం మైకు అనేవాళ్లం. విలేకరి శనివారం పొద్దున ఏడింటికి వస్తానన్నాడు.

శుక్రవారం సాయంత్రం కాలేజీ నుంచి వచ్చి చూద్దును కదా, గుంత లేదు. పెద్దనాయన ఇద్దరు హమాలీలను పెట్టి రాళ్లు వేయించి, పైన మొరం పోయించి, దిమ్మిసతో కొట్టించాడు. నా కాళ్ల కింద నేల కదిలిపోయింది. (అసలు ఆ మలుపులో నేల గట్టిపడిందే ఆ రోజు.)

“ఎందుకు పూడిపిచ్చినవ్ పెద్దనాయనా? అది మున్సిపాలిటీ పని. మనం పన్ను కడ్తలేమా?”

“కడ్తున్నం. అడుగుదాం, సోమవారం నేనే పోయి అడుగుత. వాళ్లొచ్చే దాంక పాలాయన పడుకుంట లేసుకుంట ఉండాల్నా?”

“గిట్ల మనమే చేసుకుంట పోతే వాళ్లు ఎన్నటికీ చెయ్యరు.”

“కాలేజీల గిదేనా చెప్తున్నరు?” అని ఆయన అన్నానికి లేచాడు.

మైకు దగ్గరికి పరుగెత్తాను. వాడు కాసేపు గోళ్లు కొరుక్కున్నాడు. “గొయ్యి లేకుండా ధర్నా ఏంట్రా? బాగున్న రోడ్డు మీద కూర్చుంటే మనకి పిచ్చెక్కిందనుకుంటారు. పొద్దున్నే తవ్వెయ్. ధర్నా అయిపోయాక మళ్లీ పూడ్చేద్దాం” అన్నాడు. ఆ మాట నాకు ఎంతో న్యాయంగా తోచింది.

తెల్లారి ఐదున్నరకు కొట్లోంచి పార తెచ్చి మొదలుపెట్టాను. హమాలీలు పని ఎంత శ్రద్ధగా చేశారంటే, నా అరచేతులు బొబ్బలెక్కాయి. ప్రజల కోసం నేను చెమటోడ్చడం అదే మొదలు. గుంత మోకాలి లోతుకు వచ్చింది గానీ చూపుకు ఆనలేదు. నీళ్లుంటే ఫొటో బాగా వస్తుందనిపించి రెండు బకెట్లు తెచ్చి పోశాను. మూడో బకెట్ కోసం ఇంట్లోకి వెళ్లినప్పుడు బయట పెద్ద చప్పుడైంది.

వెళ్లి చూస్తే మోపెడ్ పక్కకు పడి ఉంది. క్యాన్ మూత ఊడి పాలన్నీ గుంతలోకి పోతున్నాయి. పాలాయన మోకాలు గీరుకుపోయింది. “నిన్న సేటు పూడిపిచ్చె గదా అని ధైర్యంగ వచ్చిన బిడ్డా. ఒక్క రాత్రికే కుంగిందా?” అని అడిగాడు. తిడితే బాగుండేది. నిండు బకెట్‌ను వెనక్కి దాచబోయి నా కాళ్ల మీదే ఒలకబోసుకున్నాను.

ఇంతలో పెద్దనాయన పాల గిన్నెతో బయటికి వచ్చాడు. పాలాయనను లేపి అరుగు మీద కూర్చోబెట్టాడు. మొరం కుప్పను చూశాడు, పారను చూశాడు, బకెట్‌ను చూశాడు, చివరికి నన్ను చూశాడు. సరిగ్గా అప్పుడే విలేకరి స్కూటర్ దిగాడు, చెప్పిన టైముకంటే ముందే.

“ఏం జరుగుతుంది గీడ?”

“గుంత వడ్డది సార్. మా పిలగాడు పూడుస్తున్నడు” అన్నాడు పెద్దనాయన. ఆ తర్వాత నాకు మాత్రమే వినపడేలా “కానియ్” అన్నాడు.

ఇక చేసేదేముంది, పూడ్చాను. దిమ్మిస కొడుతుండగా మైకు పదిమందితో, నినాదాల అట్టలతో దిగాడు. ఎప్పుడూ లేనిది గొంతు తగ్గించి “ఇప్పుడేమనాలిరా?” అన్నాడు. మర్నాడు పేపర్లో నా ఫొటో పడింది. ‘గుంత పూడ్చిన ఆదర్శ విద్యార్థి’ అట. పెద్దనాయన దాన్ని కత్తిరించి కొట్టు గోడకు అంటించాడు. వడ్లు అమ్మడానికి వచ్చిన ప్రతి రైతుకూ “గాడ సూడు, మా పిలగాడే” అని చూపించేవాడు. అది వెక్కిరింపో, మురిపెమో నాకు ఇప్పటికీ తెలియదు. పాలాయన మాత్రం ఎవరితోనో ఆ వార్త చదివించుకుని వచ్చి, మా గిన్నెలో కొసరు పాలు పోశాడు. ఆనాటి నుంచి మా వీధిలో ఏ గుంత పడినా నేనే పూడ్చాను, ఇంకేం చేయాలో తెలియక.

డిగ్రీ అయిపోయి వెళ్లిపోయే రోజు పాలాయనకు నిజం చెప్పేశాను. ఆయన క్యాన్ కడుగుతూ నవ్వాడు. “పూడ్సేటోనికి బకెట్ల నీళ్లెందుకు బిడ్డా? నాకు గప్పుడే తెల్సు. కని తర్వాత ఒక్కనాడన్న పడనిచ్చినవా నన్ను?”

ఇప్పుడు నేను సూర్యాపేటలో బడి పంతులిని. పన్ను కడతాను, అడగాల్సిన చోట అడుగుతాను, దరఖాస్తూ పెడతాను. ముందు మాత్రం పార పట్టుకుంటాను. మొన్న మా గేటు ముందు గుంత పూడ్చి చేతులు కడుక్కుంటుంటే, ఇంటర్ చదివే మా అమ్మాయి ఫోన్ పట్టుకుని వచ్చింది.

“ఫొటో తియ్యకముందే ఎందుకు పూడ్చినవ్ నాన్నా? ఇగ కంప్లైంట్‌ల ఏం పెట్టాలె?”

ఆ గొంతు నాకు బాగా తెలుసు. నాలో నేను నవ్వుకుని, ఎందుకైనా మంచిదని, పార తీసుకెళ్లి అటక మీద పెట్టాను.