గంజు పట్టుకుని షోరూముకు

మా పాత వ్యాను ఇక లేవదని మెకానిక్ తేల్చిన రోజు నాకు భయం వేసింది. వ్యాను గురించి కాదు, అత్తమ్మ గురించి.

"బండితోటి నేను సుత రిటైర్. ఇగ నువ్వే చూస్కో పిల్లా," అందావిడ, చింతపండు పిసుకుతూనే. ఎంత తేలిగ్గా అనేసిందో! మల్కాజ్‌గిరిలో మా ఇంటి వెనక రేకుల షెడ్డులో పెళ్లి వంటలు మొదలుపెట్టింది ఆవిడే. నేను కోడలిగా వచ్చి ఉల్లిగడ్డలు తరగడం దగ్గర్నుంచి అన్నీ ఆవిడ పక్కన నిలబడే నేర్చుకున్నాను. ఇంట్లో నలుగురికి వండమంటే నాకు తిరుగులేదు. ఐదువందల మంది తినే పప్పులో ఉప్పు వేయమంటే మాత్రం ఎన్ని గుప్పిళ్లో ఇప్పటికీ లెక్క తప్పుతాను. ఆవిడ లేకుండా నేను ఒక్క పెళ్లి కూడా చేయలేదు.

వంట షెడ్డులోనే చేసినా, వడ్డించే చోటికి తను రావాల్సిందే. అదీ బగారన్నం వండిన గంజు, అంటే ఆ పెద్ద వంటపాత్రతోపాటు, అదే బండిలో. "వడ్డించే కాడికి రాకపోతే వండే కాడ నాకేం పని?" అంటుంది. ఆవిడ మోకాళ్లు ఎప్పుడో అరిగిపోయాయి. అయినా మా వ్యాను ఎక్కగలిగేది. డ్రైవరు పక్క సీటు దగ్గర, తలుపు లోపల, గట్టి ఇనుప పిడి ఒకటి ఉండేది. కింద మెట్టు కూడా అందే ఎత్తులోనే. పిడి పట్టుకుని, "హమ్మా" అని ఒక్క ఊపులో సీట్లో పడేది. ఆ వ్యాను చేసిన కంపెనీవాళ్ల ఇంట్లో కూడా మోకాళ్ల నొప్పుల ముసలమ్మ ఎవరో ఉండే ఉంటుందని నాకు గట్టి నమ్మకం.

తర్వాత ఆ కంపెనీ ఆ మోడలును ఇంకో కంపెనీకి అమ్మేసింది. కొన్నవాళ్లు ఊరుకోవచ్చుగా! ముందు భాగం నాజూగ్గా చేశారు, బండిని ఎత్తు పెంచారు, వెనక తలుపు ఇరుకు చేశారు, ఇనుప పిడి పీకేసి ప్లాస్టిక్ ముక్క అతికించారు. మా బండి రిపేరులో ఉన్నప్పుడు అలాంటిదాన్ని ఒకసారి బొల్లారం పెళ్లికి కిరాయికి తెచ్చాం. గంజును పక్కకు వంచితే గానీ లోపలికి పోలేదు, పై అన్నమంతా నేలపాలైంది. అత్తమ్మను వెళ్లేటప్పుడు ఇంటి అరుగు మీంచి ఎక్కించాం, తిరుగు ప్రయాణంలో మాత్రం ఇద్దరు వడ్డనవాళ్లు బియ్యం బస్తాను ఎత్తినట్టు ఎత్తి సీట్లో పెట్టారు. గేటు దగ్గర నిలబడ్డ పెళ్లివారి ఆడవాళ్లు నవ్వారు. ఇల్లు చేరేదాకా ఆవిడ మొహం మీంచి కొంగు తీయలేదు. నాకు వాళ్లందరినీ కడిగేయాలన్నంత కోపం వచ్చింది.

ఇప్పుడు మాకు తెలిసిన వార్త ఏమిటంటే, ఆ మోడలు మళ్లీ చేతులు మారిందట. "మూడో కంపెనీ కొన్నదంట. బండి మంచిగుందంటున్నరు," అన్నాడు మా ఆయన.

"వీళ్లింకేం పీకిన్రో!" అన్నాను నేను.

అత్తమ్మ మాత్రం లేచి చీర సర్దుకుంది. "కొలతలు గిలతలు నాకు చెప్పకున్రి. గంజు తీస్కపోదాం. అది నిలబెట్టి లోపల పడ్తెనే బండి కొందాం."

అన్నట్టే ట్రాలీ ఆటోలో గంజు వేసుకుని షోరూముకు వెళ్లాం. అద్దంలా మెరిసే నేల మీద మేం గంజు దింపబోతే సేల్స్ అబ్బాయి పరుగెత్తుకొచ్చాడు. "అమ్మా, టైల్స్ ఖరాబైతయ్! నా దగ్గర టేపుంది, కొలుస్త."

"నీ టేపుల అన్నం వండుతమా నాయనా?" అంది అత్తమ్మ.

గోనె సంచి పరిచాం. మా ఆయన, ఆ అబ్బాయి చెరో పక్కా పట్టి గంజును వెనక తలుపులోంచి తోశారు. అంచు తలుపుకు తగిలీ తగలకుండా, నిటారుగా లోపలికి వెళ్లిపోయింది. ఒప్పుకున్న ఆదివారం పెళ్లికి ఇక పరేషాన్ లేదన్నాడు మా ఆయన. నాకు మాత్రం అసలు పరీక్ష ఇంకా మిగిలే ఉంది. గంజుకేం, నలుగురు పడితే ఏ బండిలోకైనా ఎక్కుతుంది. ఆవిడను మళ్లీ ఎవరో ఎత్తాల్సి వస్తే ఇక జన్మలో ఇల్లు కదలదు.

"అమ్మా, ఎక్కి చూడు," అన్నాడు మా ఆయన.

ముందు తలుపు తెరిచాడు సేల్స్ అబ్బాయి. లోపల ఇనుప పిడి! అదే చోట, అదే లావున. నేను నోరు తెరిచి చూస్తుంటే, "అందరు అడుగుతున్నరని పాతదే మళ్ల పెట్టిన్రమ్మా. మెట్టు సుత కిందికి దించిన్రు," అన్నాడు. అతన్ని అక్కడే ముద్దు పెట్టుకునేదాన్ని, మా ఆయన పక్కన లేకపోతే.

నేను చెయ్యి అందించబోయాను. "జెర ఆగు," అంది అత్తమ్మ. పిడిని ఒకసారి గుంజి చూసింది. మెట్టు మీద కాలు పెట్టింది. "హమ్మా" అంది. సీట్లో ఉంది.

నేను ఆ గోనె సంచి మీదే కూలబడ్డాను. నవ్వొస్తోంది, ఏడుపొస్తోంది, రెండూ ఆగడం లేదు. "మేడమ్‌కు నీళ్లు తేవాల్నా?" అని సేల్స్ అబ్బాయి కంగారుపడ్డాడు.

అత్తమ్మ తలుపు వేసుకుంది. దిగే ఉద్దేశం ఉన్నట్టు లేదు. కిటికీలోంచి తల బయటపెట్టి, "ఆ ఏడుపేందే? ఆదివారంకు మోండా మార్కెట్ల ఉల్లిగడ్డ చెప్పినవా?" అంది. "ఇంకోటి. పప్పుల ఉప్పు జోలికి పోకు. గుప్పిళ్లతోటి పోస్తవ్. అది నేనేస్త."

"పోను అత్తమ్మా," అన్నాను కళ్లు తుడుచుకుంటూ. "నీ మీదొట్టు, పోను."