నా కుడి పాదం, ఫ్లమెంకో దరువు

మా ముత్తాత జగన్నాథరాజు గారు చుట్టుపక్కల ఊళ్ళకు శిస్తు వసూలు చేసే ముఠాదారు. తాతగారు నరసింహరాజు గారు టేకు కుర్చీలో కాలు మీద కాలు వేసుకుని కూర్చుంటే, వచ్చిన అధికారులు నిలబడే మాట్లాడేవారట. మా ఎదుట నాట్యమాడినవాళ్ళున్నారు గానీ మాలో ఆడినవాళ్ళు లేరు. ఊళ్ళు పోయాయి. ఆ కుర్చీ, ఆ కూర్చునే తీరు నాతోపాటు కెనడాలోని హాలిఫాక్స్ దాకా వచ్చాయి.

ఒక శనివారం ఉదయం ఆ కుర్చీలోంచి లేచేసరికి కుడి పాదం ముందుభాగం పైకి రాలేదు. నొప్పి లేదు. నడిస్తే వేళ్ళు నేలకు రాసుకుంటున్నాయి. స్ట్రోక్ అనుకున్నాను. ఎమర్జెన్సీలో సీటీ స్కాన్ తీసి కాదన్నారు. ఏదో దాస్తున్నారనిపించింది.

న్యూరాలజిస్ట్ నర్వ్ కండక్షన్ టెస్ట్ చేశారు. "ఇది ఫుట్ డ్రాప్. మోకాలి పక్కన పెరోనియల్ నర్వ్ నొక్కుకుపోయింది. మీరు కాళ్ళు క్రాస్ చేసుకుని కూర్చుంటారా? అయితే మానేయాలి," అన్నారు.

ఆ ప్రశ్న నాకు మర్యాదగా తోచలేదు. కూర్చునే తీరు వల్ల కాలు చచ్చుబడుతుందా? మా తాతగారికి అలా కాలేదే! పాదాన్ని ఎత్తిపట్టే బ్రేస్ పెట్టుకున్నాను, డ్రైవింగ్ మానేశాను, ఇంటికొచ్చి మళ్ళీ అలాగే కూర్చున్నాను.

రెండో టెస్ట్ మొదటిదానికంటే చెడ్డగా వచ్చింది. "వేసవి దాకా చూద్దాం. కదలిక రాకపోతే సర్జరీ. దానికీ గ్యారంటీ లేదు," అన్నారాయన.

ఫిజియోథెరపిస్ట్ నన్ను కమ్యూనిటీ సెంటర్లో ఫ్లమెంకో అనే స్పెయిన్ నృత్యం బిగినర్స్ క్లాసుకు వెళ్ళమంది. వదిలించుకుంటోందనుకున్నాను. మా అమ్మాయి సహజ వెంటనే నా పేరు రాయించింది. ఇద్దరూ ముందే మాట్లాడుకున్నారని నా అనుమానం.

"డాడ్, ఇట్స్ జస్ట్ స్టాంపింగ్," అంది సహజ.

"టికెట్ పెట్టవే. రాజుగారి గంతులంటే ఊళ్ళో తెలుగువాళ్ళంతా వస్తారు," అంది నా భార్య వసుంధర.

టీచర్ ఎలెనా నా చుట్టూ ఒకసారి తిరిగింది. "ఇంత నిటారైన వీపు తెప్పించడానికి నాకు ఏళ్ళు పడుతుంది. ఇక మోకాళ్ళు వంచండి," అంది. పొగిడి పని చెప్పేవాళ్ళను నేను నమ్మను. వంచలేదు.

గోల్పే అంటే పాదమంతా ఒకేసారి నేలకు కొట్టడం. ఒకే చప్పుడు రావాలి. నాకు రెండొచ్చేవి: ముందు వేళ్ళు, తర్వాత మడమ. మోకాలు బిగిస్తే పాదం లేపడానికి చోటే ఉండదని కొన్ని వారాలకు తెలిసింది. వంచాను. ఆ గదిలో కుర్చీలు లేవు. ఇంట్లో కాలు మీద కాలు వేయకుండా వసుంధర కాపలా కాసేది. "ఏమండీ, కాలు!"

జూన్‌లో ఒక సాయంత్రం నా కుడికాలి కింద ఒకే చప్పుడు వినిపించింది. పక్కావిడ చప్పుడులో నాది కలిసిపోయిందేమోనని, "దయచేసి అందరూ ఆగండి," అన్నాను. ఆగారు. కొట్టాను. ఒకటే. అక్కడ నేల చెక్క వదులుగా ఉందేమోనని జరిగి మళ్ళీ కొట్టాను. ఒకటే.

"సాక్షి సంతకాలు కూడా కావాలా?" అంది ఎలెనా.

మూడో టెస్ట్ చేసి, సర్జరీ అక్కర్లేదన్నారు డాక్టర్. రిపోర్ట్ నేనే చదువుకుని నమ్మాను. ఇప్పుడు బ్రేస్ లేకుండా నడుస్తున్నాను, డ్రైవ్ చేస్తున్నాను. చలి ముదిరితే పాదం కాస్త బద్ధకిస్తుంది. గురువారం క్లాసు మాత్రం మానను.

చదివేవారికి ఒక్కటే చెబుతాను. డాక్టర్ మాట మీద అనుమానం ఉంటే ఇంకొకరిని అడగండి. అంతవరకూ ఆయన మానమన్నది మానేయండి. రెండు పాదాలూ నేలకు ఆనించి కూర్చోండి.

తాతగారి టేకు కుర్చీ ఎత్తెక్కువ. అందులో కూర్చుంటే నా పాదాలు నేలకు ఆనవు. ఆగస్టులో పక్కనే ఉన్న డార్ట్‌మత్‌లో ఒకాయనకు అమ్మేశాను.