యతి తప్పిన పాదం

వాసవాంబ టీచరు చెవిన పడిన మాట ఏదైనా సరే, గురులఘువులుగా విడిపోయాకే లోపలికి వెళ్తుంది. హోసూరులో బట్టల అంగడి నడిపే భర్త మునిరాజు ఒకరోజు "కాఫీ తెస్తావా?" అని అడిగితే వేళ్లు మడిచి చూసి, "అన్నీ గురువులే. ఒక్క లఘువన్నా ఉంటే కదా మాట నడిచేది" అన్నది. ఆ మాట నడిచేలోగా కాఫీ చల్లారింది.

బస్టాండులో కండక్టరు "సూళగిరి, కృష్ణగిరి" అని అరుస్తుంటే ఆ అంత్యప్రాసకు మురిసిపోయి బస్సెక్కేసింది. ఆమె వెళ్లవలసింది కెలవరపల్లికి.

సూళగిరి ఫ్యాక్టరీలో పనిచేసే పరిమళ ఆదివారాల్లో ఈమె దగ్గరే ఛందస్సు నేర్చుకుంటోంది. నిరుడు పోయిన తల్లి కదిరమ్మ మీద ఆటవెలది ఒకటి రాసి తెచ్చింది. టీచరు పెన్సిలుతో పాదాలన్నీ గీతలు పెట్టి విడదీసింది. ఇంద్రగణం ఉండవలసిన చోట సూర్యగణం పెట్టావని మందలించి, మళ్లీ మళ్లీ రాయించింది. అమ్మ కోసం ఏడవడానికి కూడా గణాలు చూసుకోవాలా అని పరిమళకు లోలోపల కోపమొచ్చింది.

ఉగాది కవిసభలో పరిమళ వంతు వచ్చింది.

"అమ్మ చేతి గాజులలికిడి వినరాదు..."

రెండో పాదం రాలేదు. కళ్లు నిండి కాగితం మసకబారింది. సభంతా ఆమెనే చూస్తోంది.

"ఆగమ్మా, యతి తప్పింది" అంటూ ముందు వరుసలోంచి టీచరు లేచింది. సభవైపు తిరిగి యతి అంటే ఏమిటో, ఏ అక్షరానికి ఏ అక్షరం చెల్లుతుందో ఏకరువు పెట్టింది. జనం పరిమళను మరిచిపోయి టీచరును విసుక్కోవడం మొదలుపెట్టారు. మునిరాజు తల దించుకున్నాడు. ఈలోగా పరిమళ మంచినీళ్లు తాగి, కళ్లు తుడుచుకుంది. టీచరు కూర్చోగానే పద్యమంతా తొణక్కుండా చదివింది.

తిరుగు బస్సులో పరిమళ ఆ పాదాన్ని వేళ్ల మీద విడదీసుకుంది. 'అమ్మ'లోని అకారానికి 'అలికిడి'లోని అకారంతో యతి చక్కగా కుదిరింది. అక్షరం తప్పితే అన్నం సహించని మనిషి అంత తప్పు ఎట్లా చెప్పింది?

ఆదివారం అదే అడిగింది. "టీచరమ్మా, యతి సరిగానే ఉండాది కదా?"

"ఉండాది. యతి అంటే ఊపిరి తీసుకునే తావు కదమ్మా. పద్యానికి ఉండె, నీకు లేకపాయె. అందుకే లేచినాను."

టీచరు పెన్సిలు అందుకుంది.

"అదట్లుండనీ. మూడో పాదం చదివేటప్పుడు ఒక గణం మింగేసినావు. అది మాత్రం నిజంగా తప్పే. ఏదీ, మళ్లీ చదువు."