లకుముకికి మొక్కిన దసరాలు

దసరా ముందు బజారులో బంతిపూల కుప్పలు లేచి, ఆ ఘాటు వాసన మా మేడ మెట్లెక్కి వచ్చిందంటే, నేను బీరువా తెరిచి దుర్భిణీ బయటకు తీసి అద్దాలు తుడుస్తాను. మంచి దుర్భిణీ. మీరాలం చెరువు అవతలి గట్టున కూర్చున్న పిట్ట కన్ను కూడా కనబడుతుంది. ఆదివారాలు నాతో వచ్చే పడుచు పిల్లలు ఫోన్లు చూసి ప్రతి పిట్టకూ పేరు చెబుతారు, ఏ దేశం నుంచి వచ్చిందో కూడా చెబుతారు. మా చిన్నప్పుడు మాకు దుర్భిణీ లేదు, పేర్లూ సగం తెలియవు. మాకు బాపు ఉండేవాడు. మా నాన్నే బాపు. వారమంతా ఆఫీసు ఫైళ్ల మీంచి తలెత్తని ఆ గుమస్తా, ఆదివారం తెల్లవారగానే పిట్టల పాఠాలు చెప్పే పంతులైపోయేవాడు.

శాలిబండలో మా ఇంటి గడప దాటేసరికి హోటళ్ల ముందు చాయ్ మరుగుతూ, బేకరీలోంచి అప్పుడే దించిన బిస్కట్ల వెన్నవాసన గాలిలో తేలుతూ, రిక్షావాళ్లు నిద్రమొహాలతో సాసర్లలో చాయ్ ఊదుకుంటూ కనబడేవాళ్లు. బాపు ముందు, ఆయన వెనక అమ్మ, తమ్ముడు, నేను, మా మేనత్త అనసూయ నడిచేవాళ్లం. కాగితంలో కట్టించిన బిస్కట్లు చెరువు చేరేదాకా ముట్టకూడదన్నది బాపు పెట్టిన రూలు. సగం దారికే తమ్ముడి జేబులో పొడి తప్ప ఏమీ మిగిలేది కాదు. వానలు వెనకపట్టాక చెరువు గట్టుదాకా నిండి, తుమ్మకొమ్మలు నీళ్లలో మునిగి, వాటి మీద పిట్టలు బారులు తీరి ఉండేవి.

బాపు దృష్టిలో పిట్ట పిట్ట కాదు, ఎవరో ఒక మనిషి. ఒంటికాలి మీద నిలబడ్డ కొంగ దొంగ సన్యాసి. పొరుగు గూట్లో గుడ్డు పెట్టిపోయే కోయిల బాధ్యత లేని తల్లి, ఎంత బాగా పాడితే ఏం లాభం. కాకి మెతుకు దొరికినా నలుగురినీ పిలుస్తుంది, కాబట్టి తమ్ముడు నాకు బిస్కట్ పెట్టాలి. నీళ్లలో దూకి చేపనెత్తుకుపోయే లకుముకి పిట్ట పచ్చి తిండిపోతు. గువ్వలంటే మాత్రం బాపుకు ప్రాణం. ఏమైనా సరే జత విడవవని, సంసారమంటే అదేనని చెప్పేవాడు. బడిలో సార్ల మాట కూడా మేం అంత శ్రద్ధగా వినలేదు.

అనసూయత్తకు పెళ్లయిన మరుసటి ఏడు ఎండాకాలంలో ఆమె మలక్‌పేటలోని అత్తగారింటి నుంచి ఒక సంచితో వచ్చింది, తిరిగి వెళ్లలేదు. ఆమె చేతుల మీద కమిలిన మచ్చల గురించి పెద్దవాళ్లు మాట్లాడుకునేటప్పుడు మమ్మల్ని బయట ఆడుకోమనేవాళ్లు. ఆమె వచ్చాక ఆదివారం పాఠాల్లో గువ్వలు ఎక్కువయ్యాయి. కొంగ కనబడ్డా మాట తిరిగి తిరిగి గువ్వల దగ్గరికే వచ్చేది. అత్త తలవంచుకుని గట్టు మీది రాళ్లు చూసుకుంటూ నడిచేది, అమ్మ మొహం పక్కకు తిప్పుకునేది. దసరా మర్నాడు ఆమెను తీసుకెళ్లి అత్తగారింట్లో దింపి వస్తానని బాపు ఇంట్లో చెప్పేశాడు. బాపు చెడ్డవాడు కాదు. నలుగురి నోళ్లకు జడిసినవాడు, ఆ జడుపుకు గువ్వలను సాక్ష్యం తెచ్చుకున్నాడు. అత్త పక్కలో పడుకోవడం అలవాటైన నాకు ఆ దసరా అసలు రావద్దనిపించింది.

అయినా వచ్చింది. మా వైపు దసరానాడు పాలపిట్టను చూసి మొక్కకపోతే ఏడాదికి మంచిది కాదంటారు. పొద్దున గారెలు, మాంసం కూర తిని, కొత్తబట్టల గంజివాసన వదలకముందే, సాయంత్రం జమ్మి దగ్గరికి వెళ్లేముందు మేం చెరువుకు పోయేవాళ్లం. ఊరి బయటి పొలాల్లో దొరికే పాలపిట్టను బాపు ఏటా తప్పకుండా చెరువు దగ్గరే చూపించేవాడు. నీళ్ల మీదికి వంగిన తుమ్మకొమ్మ మీద దూరం నుంచి నీలంగా మెరిసేది. ఆ దసరా కూడా అదే కొమ్మ చూపించి మొక్కండన్నాడు. అందరం చెప్పులు విడిచి చేతులు జోడించాం.

అంతలో మా పాలపిట్ట దబ్బున చెరువులో దూకింది. ఎర్రటి ముక్కున చేపతో పైకొచ్చి, దాన్ని కొమ్మకేసి బాది, తలెత్తి మింగేసింది. తమ్ముడు పకపకా నవ్వాడు. బాపు జోడించిన చేతులు అలాగే ఉండిపోయాయి. అనసూయత్త నవ్వలేదు. అన్న పక్కకొచ్చి నిలబడి, గొంతు పెంచకుండా చెప్పింది.

"ఇన్నేండ్ల సంది మనం లకుముకికే మొక్కుతున్నమన్నా. దాన్ని తిండిపోతన్నది నువ్వే, దండం పెట్టిచ్చింది నువ్వే. దానికి రెండూ తెల్వయి. గువ్వకు గూడ సంసారం గురించి ఏం తెల్వదు. పొడిస్తే ఎగిరిపోతది, ఎవ్వలూ పట్కొచ్చి మళ్ల ఆ గూట్ల పెట్టరు. నన్ను గా ఇంటికి పంపకు."

బాపు చేతులు దించి చెప్పులు తొడుక్కున్నాడు. అమ్మ వెళ్లి అత్త చెయ్యి పట్టుకుంది. తిరుగుదారిలో కాకులు కనబడ్డా పాఠం లేదు.

జమ్మి ఆకును బంగారమని చిన్నవాళ్లే తెచ్చి పెద్దల చేతిలో పెట్టి కాళ్లకు మొక్కాలి. ఏటా బాపు కుర్చీలో కూర్చుని మా కోసం చూసేవాడు. ఆ సాయంత్రం తనే లేచి వచ్చి అత్త అరచేతిలో ఆకు పెట్టాడు. "రేపు మలక్‌పేటకు నేనొక్కన్నే పోత. మా చెల్లె రాదని చెప్పొస్త." అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నేను సంతోషంతో ఎగిరి గంతేస్తే ఎవరూ కసరలేదు.

అత్త తర్వాత ఆసుపత్రిలో నర్సు అయింది, రిటైరయ్యేదాకా తలెత్తుకుని బతికింది. బాపు ఆదివారాలు మానలేదు కానీ, పిట్టల్లో మంచీ చెడూ వెతకడం మానేశాడు. లకుముకి దూకితే, బాగ పట్టింది అని మెచ్చుకునేవాడు, అంతే.

ఇప్పుడు బాపు లేడు, అమ్మ లేదు, అత్తా లేదు. చాంద్రాయణగుట్ట అవతల నిజం పాలపిట్టలు తీగల మీద కూర్చున్న పొలాలన్నీ ఇళ్లయిపోయాయి. దసరానాడు ఎవరో పాలపిట్టను పంజరంలో పట్టుకొస్తారు, జనం క్యూ కట్టి మొక్కుతారు. నేను అటు పోను. మొన్న పండుగనాడు పిల్లలతో చెరువుకు వెళ్లాను. కొమ్మ మీద నీలంగా మెరవగానే చెప్పులు విడిచి చేతులు జోడించాను. పక్కనున్న అమ్మాయి మొహమాటంగా, ఆంటీ, అది పాలపిట్ట కాదు, లకుముకి అంది.

"నాకెరికే బిడ్డా," అన్నాను. "మా ఇంట్ల దీనికే మొక్కుతం."