తొంభై రెండో కుర్చీ

లెక్కల మాస్టారిని బడి అంతా ‘మూడు గుమ్మాల మాస్టారు’ అనేది. బిరుదు ఆయన చేజేతులా సంపాదించుకున్నదే. ఏ సంఖ్యనైనా రెండు, మూడు, ఐదు అనే మూడు గుమ్మాల ముందు నిలబెట్టేవారు. ఏ ఒక్కదానితోనూ శేషం లేకుండా పోకపోతే అది ప్రధాన సంఖ్యే, ఇక మారు మాట లేదు. నలభై తొమ్మిది లోపు ఈ పద్ధతికి ఢోకా లేదు. ఆ తర్వాత ఏడుతో కూడా చూడాలి కదా అంటే, ఆయన పట్టిన కుందేలుకి మూడే కాళ్లు.

బస్సు టికెట్ల నంబర్లు, ఆసుపత్రి మెట్లు, ఎదురింటి తలుపు మీది అంకె, కనబడినవాటికల్లా కారణాంకాలు తీసేవారు. ఆయన భార్యకి మాత్రం ఈ విద్య మీద గౌరవం లేదు. “మీ మూడు గుమ్మాల సంగతి తర్వాత, ముందు ఇంటి గుమ్మం బయట చెప్పులు విడవండి” అనేది.

ఇరవై రెండేళ్ల క్రితం బడి చివరి పరీక్షలో ఆయనే ఒక ప్రశ్న ఇచ్చారు: తొంభై ఒకటి ప్రధాన సంఖ్యా, కాదా? నలభై రెండు మంది ‘అవును’ అని రాసి మార్కు పట్టుకుపోయారు. ఒక్కడు ‘కాదు’ అని రాశాడు. వాడికి ముప్ఫై నాలుగు వచ్చాయి. ముప్ఫై ఐదు వస్తే పాసు, పాసైతే వాడికి బడి ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం ఖాయం.

“పదమూడో ఎక్కంలో తొంభై ఒకటి వస్తుంది కదండీ” అన్నాడు వాడు, పేపరు చేత్తో పట్టుకుని.

“నాకే ఎక్కాలు నేర్పుతావట్రా? పో!”

వాడు పోయాడు. ఆ సాయంత్రం బస్సులో మాస్టారు టికెట్ వెనక పదమూడుని ఏడుతో గుణించారు. తొంభై ఒకటి. మళ్లీ గుణించారు. గణితానికి జాలి లేదు, మళ్లీ తొంభై ఒకటే. మార్కుల రిజిస్టరు ఇంకా బడిలోనే ఉంది, దిద్దడానికి ఒక్క నిమిషం చాలు. కానీ స్టాఫ్ రూమ్‌లో అందరి ముందూ తప్పొప్పుకోవడానికి కావలసింది నిమిషం కాదు, గుండె. టికెట్ చింపి కిటికీలోంచి పారేశారు.

ఆ తర్వాత ఆయన చేసిన ఘనకార్యం, ఆ కుర్రాడికి అదే బడిలో అటెండరు పని ఇప్పించడం. “నేను లేకపోతే వాడి గతి ఏమయ్యేదో!” అని కనబడినవాళ్లందరికీ చెప్పుకున్నారు. క్లాసులో మాత్రం ప్రధాన సంఖ్యలు చదువుతూ ఎనభై తొమ్మిది తర్వాత గబుక్కున తొంభై ఏడుకి దూకేవారు. “మరి తొంభై ఒకటండీ?” అని ఎవరైనా అడిగితే, “కూర్చో” అనేవారు. అటెండరుతో ఆ మాట ఏనాడూ అనలేదు. ఇరవై రెండేళ్లుగా అతను ఆయన ముందు నిలబడే ఉన్నాడు.

మాస్టారి పదవీ విరమణ సభకి వచ్చేవాళ్లు తొంభై ఒక్క మంది అని లెక్క తేలింది. కుర్చీలు వేసింది అటెండరే.

“చూశారా మాస్టారూ, ఏడు వరుసలు, వరుసకి పదమూడు! ఒక్క కుర్చీ మిగల్లేదు” అని మురిసిపోయింది హెడ్మిస్ట్రెస్.

మాస్టారి చేతిలోని ఉపన్యాసంలో మొదటి వాక్యం: ‘ఇన్నేళ్లలో నేను ఎవరికీ ఒక్క మార్కు కూడా తప్పు వేయలేదు.’ తలుపు దగ్గర నీళ్ల జగ్గుతో అటెండరు నిలబడి ఆయన్నే చూస్తున్నాడు. ఈ ఒక్క రోజు దాటితే ఆ తప్పు ఒప్పుకోవడానికి ఇంకో రోజు లేదని ఆయనకి తెలుసు. ఎట్టకేలకు నోరు విప్పారు.

“ఇంకో కుర్చీ తెచ్చి వెయ్యి.”

“అందరూ వచ్చేశారండి. ఎవరికి?”

“వెయ్యమంటే వెయ్యి! ఆ వరుసలు చూడ్డానికి బాలేవు.”

అటెండరు కుర్చీ తెచ్చాడు. ఏడో వరుస వెనక ఒంటరిగా వేశాడు. జగ్గు కింద పెట్టి, తాపీగా అందులో కూర్చున్నాడు.

“ఇప్పుడు తొంభై రెండండి. మీ మొదటి గుమ్మంలోనే పోతుంది. ఇక మాట్లాడండి మాస్టారూ, వింటాను.”

మాస్టారు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. అందరికీ నమస్కారం అన్నారు. అంతటితో కూర్చున్నారు. అటెండరు లేవలేదు.